బ్రష్‌తో గడ్డం గీసుకోవడం నేర్చుకున్నాను: ఒంగోలు ఉప్పునీళ్లతో నా అనుభవం

గొంతు కింద, చొక్కా కాలర్ తగిలే చోట, ఎర్రటి పొక్కులు. రెండేళ్లు వాటితోనే తిరిగాను. ఐదు బ్లేడ్ల రేజర్, డబ్బా నొక్కితే బుస్సున వచ్చే ఫోమ్. మూడు నిమిషాల్లో గడ్డం పని అయిపోయేది. మధ్యాహ్నానికి మంట మొదలయ్యేది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి కాలర్ మీద చిన్న నెత్తుటి చుక్క కనపడేది. పొక్కులు తగ్గనిద్దామని నాలుగు రోజులు గడ్డం వదిలేస్తే మనిషికి ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూసేవాళ్లు.

చివరికి ఒంగోలులోనే ఒక చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఆయన నా చేతికి అద్దం ఇచ్చి, పొక్కు మధ్యలో సన్నగా నల్లగా కనిపిస్తున్న గీతని చూపించారు. అది బయటికి రావాల్సిన వెంట్రుక. నా గడ్డం వెంట్రుకలు ఉంగరాలు తిరిగే రకం. వరసగా ఉన్న బ్లేడ్లలో ముందుది వెంట్రుకని కాస్త పైకి లాగుతుంది, వెనకవి దాన్ని ఇంకా కిందికి కోస్తాయి. తెగిన కొస చర్మం లోపలికి జారిపోతుంది. మళ్లీ పెరిగేటప్పుడు వంకర తిరిగి చర్మంలోనే గుచ్చుకుంటుంది. "క్రీము రాసిస్తాను, కానీ గీసే పద్ధతి మారకపోతే మళ్లీ నా దగ్గరికే వస్తారు. ఒకే బ్లేడు వాడండి. వెంట్రుక ఎటు వాలితే అటే గీయండి. ఒత్తకండి" అన్నారు.

ఒకే బ్లేడు అనగానే నాకు గుర్తొచ్చింది నాన్న రేజరు. చిన్నప్పుడు పొదిలిలో మా ఇంటి వసారా స్తంభానికి ఒక అద్దం వేలాడుతుండేది. ఆదివారం ఉదయం నాన్న దాని ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవారు. స్టీలు చెంబులో నీళ్లు, కుచ్చు అరిగిపోయిన ఒక బ్రష్, మెడలో తువాలు. బుగ్గల మీద తెల్లటి నురగ పెరుగు మీగడలా నిలబడేది. నేను పక్కన నిలబడి ఆ నురగ కోసమే చూసేవాణ్ని, కొంచెం తీసి నా గడ్డానికీ పూసేవారు.

ఆ రేజరు ఇంకా ఉంది. బీరువా పై అరలో, పాత గుడ్డలో చుట్టి. మూడు ముక్కలు: పైన టోపీలాంటిది, మధ్యలో పలక, కింద పిడి. రెండు ముక్కల మధ్య బ్లేడు పెట్టి పిడి తిప్పి బిగిస్తే చాలు. రెండు వైపులా అంచున్న పల్చటి బ్లేడుతో ఈ రకం రేజరుకి కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమెరికన్ 1904లో పేటెంట్ పొందాడు. అంతకు ముందే 1903లో అమ్మకం మొదలుపెడితే, మొదటి ఏడాది పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లేనట. నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే రకం బ్లేడు మా వీధి చివర కిరాణా కొట్లో దొరుకుతోంది.

"నీకు అలవాటు లేదురా, తెగుద్ది" అన్నారు నాన్న. అయినా పెట్టెలో పెట్టుకుని ఒంగోలు తెచ్చుకున్నాను.

మొదటి వారమంతా కష్టంగా గడిచింది. గాంధీ రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపులో అరవై రూపాయలు పెట్టి ప్లాస్టిక్ పిడి బ్రష్ కొన్నాను. మామూలు షేవింగ్ క్రీము ట్యూబు ఒకటి. లాయరుపేటలో మేం అద్దెకుండే ఇంట్లో బోరు నీళ్లే వాడకానికి. వాటితోనే మొహం తడిపి, బ్రష్ మీద శనగగింజంత క్రీము వేసి రుద్దాను. బ్రష్ తిప్పుతున్నంతసేపూ ఏదో వస్తున్నట్టే ఉంది, చెయ్యి తీసేసరికి పోతోంది. ఇంకా క్రీము వేశాను. మొహం మీద జిగురు పెరిగింది గానీ నురగ లేదు. ఆ స్థితిలోనే రేజరు పెట్టాను. గడ్డం మీద ఒక గాటు, దవడ కింద రెండు. వెంట్రుకని కోస్తున్నట్టు లేదు, పీకుతున్నట్టు ఉంది.

ఆ శనివారం పొదిలి వెళ్లినప్పుడు నాన్న ముందే గీసుకున్నాను, తప్పు ఎక్కడుందో చూస్తారని. అక్కడా బోరు నీళ్లే. రేజరు పట్టుకున్న తీరు గురించి చెబుతారనుకున్నాను. నాన్న రేజరు వైపు చూడనే లేదు. నా బుగ్గ మీద వేలుతో గీసి, వేలిని వెలుతురులో పెట్టి చూశారు.

"ఇది నురగ కాదురా. బుడగలు."

ఆ మాట నాకు చాలా ఉపయోగపడింది. బుడగలైతే కంటికి కనిపిస్తాయి, ఒకదాని పక్కన ఒకటి పగులుతుంటాయి, లోపలంతా గాలి. నురగలో బుడగ కంటికి ఆనదు. వేలితో తీస్తే కొస నిలబడుతుంది, రెండు వేళ్ల మధ్య జారుతుంది. బ్లేడుకీ చర్మానికీ మధ్య ఉండాల్సింది ఆ జారుడే. కానీ బుడగలు నురగ ఎందుకు కావడం లేదో నాన్నకీ తెలియలేదు. "మాకెప్పుడూ ఇట్టా అవలేదే" అని పటిక బిళ్ల తెచ్చి ఇచ్చారు. తడి చేసి గాట్ల మీద రుద్దితే చుర్రుమంది, రక్తం ఆగింది. నాన్న రోజుల నుంచీ ఆ ఇంట్లో పటిక ఉండాల్సిందే.

బుధవారం పొద్దున్నే మా వీధి మొదట్లో ఉన్న కటింగ్ షాపుకి వెళ్లాను. మంగళవారం మూసి ఉంటుంది కాబట్టి బుధవారం రద్దీ ఉంటుందనుకుంటాం గానీ ఏడు గంటలకి ఎవరూ ఉండరు. అక్కడి బాబాయ్ ముప్పై ఏళ్లుగా ఆ వీధిలోనే పని చేస్తున్నారు. నాకు గడ్డం గీయొద్దు, నేర్పు బాబాయ్ అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. కుర్చీలో కూర్చోమని, గడ్డం మీద వేళ్లతో తడిమారు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి, చెవి వైపు నుంచి గొంతు వైపుకి.

"చూడబ్బాయ్, బుగ్గల మీద నీకు కిందికే వాలింది. గొంతు కాడ ఎడమ పక్క మటుకు పైకి తిరిగింది. నువ్వు అక్కడ కూడా పైనుంచి కిందికి గీకుతున్నావు. అంటే ఎదురు గీకుతున్నట్టే. అందుకే పొక్కులు."

రెండేళ్ల నా బాధ ఎడమ పక్కే ఎక్కువ. అది ఎందుకో ఆ ఒక్క నిమిషంలో తెలిసింది. రెండు రోజుల గడ్డం ఉన్నప్పుడు కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి, ఎటు నున్నగా ఉందో, ఎటు గరుకుగా ఉందో చూసుకుంటే ఎవరి గడ్డం వాలు వాళ్లకి తెలిసిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రేజరు కొనకముందే చేసుకోవాల్సిన పని ఇది.

తర్వాత ఆయన బ్రష్ పట్టారు. ముందు మొహానికి నీళ్లు రెండుసార్లు బాగా పట్టించారు. బ్రష్‌ని తడిపి దులిపి, కొంచెం క్రీము వేసి, ముందు వెల్ల వేసినట్టు అటూ ఇటూ పూశారు. ఆ తర్వాతే గుండ్రంగా తిప్పడం. మధ్య మధ్యలో బ్రష్ కొసని మాత్రం నీళ్లలో ముంచి మళ్లీ తిప్పడం. నీళ్లు ఒక్కసారే పోయలేదు, చుక్క చుక్కగా. రెండు నిమిషాలకి నా మొహం మీద చిన్నప్పుడు నాన్న మొహం మీద చూసిన నురగే ఉంది. "తొందర పడబాక. కత్తి పట్టుకునేసరికి గడ్డం మెత్తబడి ఉండాల. వెంట్రుక నీళ్లు తాగడానికి టైము పడుద్ది" అన్నారు. బ్లేడుని కాగితంతో సహా మధ్యకి విరిచి, సగం ముక్క కత్తిలో బిగించారు. మనిషికో కొత్త సగం. ఒత్తిడి లేకుండా కత్తిని ఎలా జారనిస్తున్నారో అద్దంలో చూస్తూ కూర్చున్నాను.

ఆయన చేసింది చేసినట్టు ఇంటికొచ్చి చేశాను. నురగ రాలేదు.

ఇంకో బ్రష్ కొన్నాను. క్రీము మార్చాను. నెల రోజులు గడిచాయి. వాలు తెలిసింది కాబట్టి పొక్కులు కొంచెం తగ్గాయి, గాట్లు మాత్రం పడుతూనే ఉన్నాయి. నా చేతిలోనే ఏదో లోపం ఉందని నమ్మకం కుదిరిపోయింది.

ఒకరోజు తెల్లవారుజామున కరెంటు పోయింది. మోటారు వేయలేదు, ట్యాంకులో చుక్క లేదు. తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండాలి. వంటింట్లో ఉన్న ఇరవై లీటర్ల క్యాన్‌లోంచి ఒక గ్లాసు మంచినీళ్లు వంచుకుని గడ్డానికి కూర్చున్నాను. బ్రష్ నాలుగు చుట్లు తిప్పానో లేదో నురగ లేచింది. మళ్లీ చేతికొచ్చిన అదే అరవై రూపాయల బ్రష్, ముందు రోజు వాడిన అదే క్రీము, అదే చెయ్యి. బుగ్గలు, గడ్డం, గొంతు నిండిపోయి ఇంకా బ్రష్‌లో మిగిలింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయంటే అబద్ధం కాదు.

ఆ సాయంత్రం రెండు ఖాళీ సీసాలు తీసుకుని, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో క్యాన్ నీళ్లు సగం దాకా పోసి, రెండిట్లోనూ ఒకే కొలత సబ్బు తురుము వేసి ఊపాను. క్యాన్ నీళ్ల సీసాలో మెడ దాకా నురగ. బోరు నీళ్ల సీసాలో విరిగిన పాలలా తెల్లటి పలుకులు తేలాయి. స్కూల్లో చదువుకున్న కఠిన జలం పాఠం ఇదే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే, అవి సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెట్టు కడతాయి. ఉన్న సబ్బంతా తెట్టుకే ఖర్చయిపోతే నురగకి మిగిలేది ఏమీ ఉండదు. బ్రష్‌తో రుద్దే క్రీములు, సబ్బులు ఎక్కువగా కొవ్వు ఆమ్లాలతో చేసిన అసలు సబ్బులే కాబట్టి వాటి మీద ఈ దెబ్బ గట్టిగా పడుతుంది. డబ్బా ఫోమ్‌కి ఆ గొడవ ఉండదు, దాని నురగ డబ్బాలోంచే వస్తుంది. అందుకే రెండేళ్లలో నాకు నీళ్ల సంగతి తట్టలేదు.

క్యాన్లు నింపే వాటర్ ప్లాంటులో అబ్బాయి దగ్గర, నీళ్లలో కరిగిన లవణాలని కొలిచే టీడీఎస్ మీటరు ఉంటే మా బోరు నీళ్లు చూపించాను. 1380 వచ్చింది. ప్లాంటు నీళ్లు 70. తాగే నీళ్లకి మన దేశ ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. కఠినత్వానికి ఆ అంకెలు 200, 600. టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ కలిపి, కఠినత్వం అందులో ఒక భాగమే. కాబట్టి మీటరు అంకె ఒక్కటే చూసి తేల్చకూడదు. సీసా ఊపి చూడటమే నమ్మకమైన పరీక్ష, దానికి పైసా ఖర్చు లేదు. మా వైపు నీళ్లు అనగానే కనిగిరి, ఫ్లోరైడ్ గుర్తొస్తాయి. ఆ కష్టం చాలా పెద్దది, ఎముకలని వంచేసే కష్టం. కానీ నురగని చంపేది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, మెగ్నీషియం. రెండూ వేరు వేరు.

నాన్నకి ఫోన్ చేసి చెబితే ఒక్క క్షణం ఆగి, "మా రోజుల్లో బోర్లేవిరా, చెరువు నీళ్లు కదా" అన్నారు. వాన నీళ్లు నిలిచే చెరువులో లవణాలు తక్కువ. మా వీధికి మునిసిపల్ పంపు వచ్చిన రోజు ఆ నీళ్లతోనూ చూశాను. అవి సాగర్ కాలువ నుంచి వచ్చి చెరువుల్లో నిలవ చేసిన నీళ్లు. నురగ బాగానే వచ్చింది. షాపు బాబాయ్‌ని అడిగితే ఆయన స్ప్రే సీసాలోనూ, బ్రష్ ముంచే గిన్నెలోనూ క్యాన్ నీళ్లే పోస్తారట, ఎప్పటినుంచో. "ఉప్పునీళ్లు కొడితే మొహం మీద తెల్లగా పేరుకుద్ది, ఎవురూ ఒప్పుకోరు" అన్నారు. నేను అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు.

గడ్డానికి కావాల్సింది అర లీటరు మంచినీళ్లే. బ్రష్ నానడానికి, నురగకి, మధ్యలో తడి చేసుకోవడానికి. చివర్లో మొహం కడుక్కోవడం బోరు నీళ్లతో చేసినా నష్టం లేదు.

నీళ్లు కుదిరాకే బ్రష్ గురించి ఆలోచించడానికి అర్థం ఏర్పడింది. అంతకు ముందు ఎన్ని బ్రష్‌లు మార్చినా ఏది మంచిదో తెలిసే వీలే లేదు. అరవై రూపాయల బ్రష్ నురగ తెచ్చింది నిజమే, కానీ రోజూ నాలుగైదు వెంట్రుకలు బుగ్గ మీద వదిలేసేది. కుచ్చు పల్చన, నీళ్లు పట్టుకోదు. ఒకసారి పూతకి సరిపోయేది, రెండోసారి పూయాలంటే మళ్లీ మొదటికొచ్చేది.

బ్రష్ కుచ్చులు ముఖ్యంగా మూడు రకాలు. పంది వెంట్రుకలు, బ్యాడ్జర్ అనే బొరియల జంతువు వెంట్రుకలు, సింథటిక్. గుర్రపు వెంట్రుకలవి కూడా ఉన్నాయి గానీ నేను వాడలేదు.

మొదట తెప్పించింది పంది వెంట్రుకల బ్రష్. ఇటలీలో బొలోన్యా నగరం నుంచి వచ్చే ఒమేగా వాళ్లది. పెట్టె తెరవగానే కుచ్చు గట్టిగా, చీపురు కట్టలా ఉంది. తడపగానే తడిసిన మేక వాసన. ఈ రకంలో అది మామూలేనని తర్వాత తెలిసింది. ఒక వారం పాటు రోజూ రాత్రి సబ్బు నురగ పట్టించి, కాసేపు వదిలేసి కడిగితే వాసన పోయింది. గట్టిదనం పోవడానికి ఇంకా ఓపిక కావాలి. పంది వెంట్రుక వాడగా వాడగా కొస దగ్గర రెండుగా, మూడుగా చీలుతుంది. చీలిన కొసలన్నీ కలిసి మెత్తని ముఖమల్‌లా అవుతాయి, మొదలు మాత్రం బిగువుగానే ఉంటుంది. ఫోన్ కెమెరాని దగ్గరగా పెట్టి ఆ చీలికలని చూశాను. నాకు ఇరవై షేవింగుల దగ్గర తేడా తెలిసింది. మొదటి వారంలోనే "గుచ్చుకుంటోంది" అని పక్కన పడేసేవాళ్లు అసలు బ్రష్‌ని చూడకుండానే వదిలేసినట్టు. ఇంకో సంగతి, ఈ వెంట్రుక నీళ్లు పీలుస్తుంది. వాడే ముందు నాలుగైదు నిమిషాలు నానబెట్టాలి. నానకపోతే నురగకి పోసిన నీళ్లన్నీ తనే తాగేస్తుంది. నేను స్నానానికి ముందు గ్లాసులో నానేసి, వచ్చాక గడ్డానికి కూర్చునేవాణ్ని. స్నానంతో గడ్డమూ మెత్తబడేది.

పంది వెంట్రుకలని తెలిసి అమ్మ ఆ బ్రష్‌ని మిగతా వాటితో పెట్టొద్దంది. నాన్నకి ఇంకో అనుమానం: "జంతువు వెంట్రుకలు కదా, రోగాలు రావూ?" అది తీసిపారేసే ప్రశ్న కాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్‌ల వల్ల సైనికులకీ మామూలు జనానికీ ఆంథ్రాక్స్ సోకింది. మన దగ్గర గొర్రెలకీ పశువులకీ వచ్చే దొమ్మ రోగం అదే. ఆ తర్వాత వెంట్రుకలని శుద్ధి చేయడం తప్పనిసరి చేశారు. అందుకే నేను పేరూ ఊరూ లేని జంతు వెంట్రుకల బ్రష్‌ని ఎంత చవకైనా కొనను.

ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు ముస్లిం. నా మెడ బాగుపడటం చూసి తనూ మొదలుపెడతానన్నాడు. పంది వెంట్రుకలు తనకి కుదరవు. అప్పుడే నేను పెట్టెల మీద రాతలు జాగ్రత్తగా చదవడం నేర్చుకున్నాను. చాలా బ్రష్‌ల మీద "ప్యూర్ బ్రిస్టిల్" అని ఉంటుంది, పంది అనే మాటే ఉండదు. బ్రష్‌ల వ్యాపారంలో బ్రిస్టిల్ అంటే సాధారణంగా పంది వెంట్రుకే. తెలియక కొన్నవాళ్లు ఎంతమంది ఉంటారో అనిపించింది. పట్టింపు ఉన్నవాళ్లు "సింథటిక్" అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి.

బ్యాడ్జర్ బ్రష్ నాది కాదు. హైదరాబాదులో మా బావ దగ్గర ఉంటే వారం రోజులు అడిగి వాడాను. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని తరగతులు చెబుతారు గానీ అందరికీ కలిపి ఒక కొలత లేదు. ఒకరి "బెస్ట్" ఇంకొకరి "సూపర్" కావచ్చు. మెత్తదనం నిజంగా గొప్పగా ఉంది. నీళ్లు ఎంత పట్టుకుంటుందంటే, దులపడం మర్చిపోతే మోచేతి దాకా కారుతాయి. మూడు సార్లు పూసినా నురగ వేడి తగ్గదు. అయినా కొనలేదు. ధర వేలల్లో ఉండటం ఒక కారణం. పెద్ద కారణం వేరే. ఆ వెంట్రుకలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి, దాని కోసం జంతువుని చంపుతారు. బ్రిటన్‌లో బ్యాడ్జర్లకి 1992 చట్టం రక్షణ ఇస్తోంది. పందిని మాంసం కోసం పెంచుతారు, వెంట్రుక దానితో పాటు వచ్చేది. గడ్డం కోసం ఇంకో ప్రాణం వద్దనుకున్నాను. బావతో ఈ మాట అంటే కాసేపు వాదించాడు, నేను మారలేదు.

సింథటిక్ అంటే మొదట్లో నాకు చిన్నచూపు ఉండేది, ఆ అరవై రూపాయల సింథటిక్ బ్రష్ వల్ల. ఇప్పటి సింథటిక్ పోగులు వేరు. కొస సన్నబడేలా చేస్తారు, కొన్నిటి కొస తెల్లగా, మొదలు నల్లగా ఉంటుంది. మిత్రుడి కోసం ఒకటి, నాకొకటి తెప్పించాను. కుచ్చు మొదలు దగ్గర అడ్డకొలత 24 మిల్లీమీటర్లు. ఈ కొలత చూసి కొనడం ముఖ్యం. మామూలుగా 22 నుంచి 26 దాకా దొరుకుతాయి. మొహం మీదే నురగ చేసేవాళ్లకి 24 చాలు, అంతకంటే లావైతే ముక్కు కింద, పెదవి మూలల్లో అన్ని చోట్లా నురగ అంటుకుంటుంది. కుచ్చు పొడుగు కూడా చూడాలి. పొడుగెక్కువైతే వంగిపోతుంది, గిన్నెలో కలుపుకునేవాళ్లకి అది బాగుంటుంది. మొహం మీద చేసేవాళ్లకి కాస్త పొట్టిదే నయం.

సింథటిక్ పోగు నీళ్లు పీల్చదు. నానబెట్టే పని లేదు. ఇక్కడే మొదట పొరపాటు చేశాను: పంది బ్రష్‌కి పోసినన్ని నీళ్లు దీనికీ పోస్తే అన్నీ బయటే ఉండి నురగ పల్చనైపోయింది. నీళ్లు సగానికి తగ్గిస్తే కుదిరింది. క్రీము కూడా తక్కువ పడుతుంది, ఎందుకంటే లోపల దాచుకోకుండా ఉన్నదంతా మొహానికే ఇచ్చేస్తుంది.

నన్ను అసలు దానివైపు తిప్పింది కార్తీక మాసం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. ఆ నెలల్లో ఒంగోలులో ఉతికిన బట్టలే రెండు రోజులకి గానీ ఆరవు. పంది బ్రష్ మొదలు దగ్గర తడి ఆరకుండా ఉండిపోయి, నాలుగో రోజుకి ముక్కిన వాసన వేసింది. ఫ్యాను కింద పెట్టి, ఒకరోజు విడిచి ఒకరోజు వాడాల్సి వచ్చింది. సింథటిక్ పొద్దున కడిగి దులిపి పెడితే మధ్యాహ్నానికి పొడిగా ఉంది. ఎండాకాలంలో ఈ తేడా తెలియదు. ఊరి గాలి కూడా బ్రష్‌ని ఎంచుతుందని ఆ వానల్లో తెలుసుకున్నాను.

ఏ బ్రష్ అయినా ఉప్పునీళ్లతో కడుగుతూ ఉంటే కుచ్చు మొదట్లో తెల్లటి తెట్టు పేరుకుంటుంది. నెలకోసారి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా నిమ్మ ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ముంచితే పోతుంది. తర్వాత మంచినీళ్లతో కడగాలి.

రేజరు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బ్లేడు మొహానికి సుమారు ముప్పై డిగ్రీల వంపులో ఉండేలా పట్టుకోవడం, చిన్న చిన్న గీతలు, రేజరు బరువు తప్ప చేతి బరువు పడకుండా చూడటం. మొదట వాలు వెంబడి, మళ్లీ నురగ పూసి అడ్డంగా. ఎదురు గీయడం నేను మానేశాను, నా మెడకి అది పడదు. బ్లేడ్లలో సెవెన్ ఓ క్లాక్, టోపాజ్ రెండూ వాడాను, సెవెన్ ఓ క్లాక్ నాకు నున్నగా అనిపించింది. నాలుగు షేవింగులకి ఒకటి మారుస్తాను. ఐదు బ్లేడ్ల ప్యాకెట్ నేను కొన్నప్పుడు పాతిక రూపాయలు. నురగ సరిగా ఉన్న రోజు ఏ బ్లేడైనా బాగానే ఉంటుంది, లేని రోజు ఏదీ బాగుండదు.

మూడో నెలకి పొక్కులు ఆగాయి. నల్ల మచ్చలు పోవడానికి ఇంకా టైము పట్టింది. ఎడమ పక్క, గొంతు కాడ ఒకటి రెండు ఇప్పటికీ ఉన్నాయి.

సంక్రాంతికి పొదిలి వెళ్తూ రెండు బ్రష్‌లూ తీసుకెళ్లాను, నాన్న ఏమంటారో చూద్దామని. చూపు తగ్గాక నాన్న గడ్డం గీసుకోవడం మానేసి షాపుకే వెళ్తున్నారు. కంటి ఆపరేషను అయ్యాక కూడా ఆ అలవాటే ఉండిపోయింది. సింథటిక్‌ని అరచేతి వెనక తిప్పి చూసి, "మెత్తగా ఉంది, ఊరికే జారిపోతోంది" అన్నారు. పంది బ్రష్ తీసుకుని బుగ్గ మీద పెట్టుకుని రెండు చుట్లు తిప్పారు. మళ్లీ రెండు చుట్లు. "ఇదయితే గడ్డం మీద తెలుస్తోంది" అని, దాన్ని తిరిగి ఇవ్వలేదు. రేజరు కూడా ఆయనకే వదిలేసి వచ్చాను. నేను ఒంగోలులో కొత్తది కొనుక్కున్నాను.

పోయిన నెల వెళ్లినప్పుడు చూశాను. వసారా స్తంభానికి అద్దం మళ్లీ వచ్చింది. పక్కన మేకుకి దారంతో బ్రష్ తలకిందులుగా వేలాడుతోంది, నీళ్లు కిందికి కారిపోయేలా. దాని కింద, అమ్మ వంటింటి గిన్నెలకి దూరంగా, స్టీలు చెంబు. మూత తీసి చూస్తే క్యాన్ నీళ్లు.